ఆఫ్‌రోడ్ తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ బండి: రిపేర్లు, మెయింటెనెన్స్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్‌రోడ్ బండి రాళ్ల మీద విరగడం కంటే, ఇంటికొచ్చాక నిలబడిన చోటే మెల్లగా పాడవడం ఎక్కువ. డిఫరెన్షియల్‌లో (ఇరుసు మధ్య ఉండి రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల డబ్బాలో) చేరిన నీళ్లు, బ్రేక్ డ్రమ్ముల్లో ఎండిన బురద, సగం చుట్టు వదులైన బోల్టు... ఇవేవీ ఆ రోజు బయటపడవు. రెండు మూడు నెలల తర్వాత బేరింగ్ గోల చేస్తే, 'ఈమధ్య ఎక్కడికీ వెళ్లలేదే' అనుకుంటాం. కింది జవాబుల్లో చాలావరకు ఆ మధ్యకాలం గురించే. నిచ్చెన ఆకారపు చాసిస్, లో రేంజ్ (వేగం తగ్గించి బలం పెంచే గేర్లు) ఉన్న పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను (మామూలుగా రెండు చక్రాలతో నడిచి, అవసరమైనప్పుడే నాలుగూ కలిసేవి) దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి. మిగతా రకాలకు తేడా ఉన్నచోట ఆ మాట చెప్పాను.

సర్వీస్ బుక్‌లో 10,000 కి.మీ.కి ఒకసారి అని ఉంది. ఆఫ్‌రోడ్ బండికీ అంతేనా?

కాదు. ఆ పుస్తకంలోనే ఇంకొంచెం ముందుకు వెళ్తే 'కఠిన పరిస్థితులు' అని మరో పట్టిక ఉంటుంది. దుమ్ము, బురద, నీళ్లు, బరువు లాగడం, తక్కువ వేగంలో ఎక్కువసేపు నడపడం అన్నీ అందులోకే వస్తాయి. మీ బండికి వర్తించేది ఆ పట్టికే. చాలా పనులకు గడువు దాదాపు సగానికి తగ్గుతుంది.

పైగా ఇక్కడ కిలోమీటర్ల లెక్క మోసం చేస్తుంది. లో రేంజ్‌లో గంటకు 8 కి.మీ. చొప్పున ఐదు గంటలు పాకిస్తే ఓడోమీటర్ మీద పెరిగేది 40 కి.మీ. అదే ఐదు గంటలు హైవే మీదైతే 350 కి.మీ. దాటేది. ఇంజిన్ ఆయిల్ పడ్డ కష్టం మాత్రం రెండింటిలోనూ ఒకలాంటిదే. అందుకే నోట్‌బుక్‌లో కిలోమీటర్ల పక్కనే లో రేంజ్‌లో గడిపిన గంటలు, నీళ్లలో దిగిన రోజులు కూడా రాసుకోండి. మెకానిక్‌కి ఓడోమీటర్ కన్నా ఆ పేజీయే ఎక్కువ పనికొస్తుంది.

ట్రిప్ నుంచి తిరిగి రాగానే ఏం చూడాలి?

ముందు కడగాలి, తర్వాత చూడాలి. బురద కింద ఏముందో ఎవరికీ కనబడదు. అయితే కడిగే ముందు ఒక్కసారి టార్చ్ వేసుకుని కిందికి తొంగిచూడండి. ఆరిన దుమ్ము మీద ఆయిల్ కారితే తడిగా నల్లటి చార కనిపిస్తుంది. కడిగేశారంటే ఆ జాడ పోతుంది, మళ్లీ కారేదాకా ఆగాలి.

కడిగాక బండి చుట్టూ తిరుగుతూ చూసుకోవాల్సినవి ఇవి. టైరు లోపలి సైడ్‌వాల్ మీద కోతలు (బయటివైపు అందరూ చూస్తారు, లోపలివైపు ఎవరూ చూడరు). సీవీ జాయింట్ల (ముందు చక్రాలకు శక్తి చేర్చే షాఫ్ట్‌ల కీళ్ల) మీది రబ్బరు తొడుగులు. బ్రేక్ హోసులు, ఏబీఎస్ వైర్లు ఎక్కడైనా ఒరుసుకున్నాయా అన్నది. షాక్ అబ్జార్బర్ల మీద ఆయిల్ తడి. స్టీరింగ్ రాడ్లు ఒంగాయా, వాటి చివరి జాయింట్లు ఆడుతున్నాయా. చాసిస్‌కి సస్పెన్షన్ చేతులు కలిసేచోట, స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట పెయింట్ వెంట్రుకవాసి చీలిందంటే లోపల ఇనుము పగులుతోందని అనుమానించాలి. అలాంటి చోట తుప్పు సన్నటి గీతలా కారుతుంది, గోటితో గీకితే తెలిసిపోతుంది.

బోల్టులకు ఒక సులువైన పద్ధతి ఉంది. సస్పెన్షన్, స్టీరింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసుకి శక్తి తెచ్చే పొడవాటి కడ్డీ) బోల్టులను పుస్తకంలో చెప్పిన టార్క్‌కి (బిగింపు కొలతకి) బిగించాక, పెయింట్ మార్కర్‌తో నట్టు మీద నుంచి పక్కనున్న ఇనుము దాకా ఒకే గీత గీయండి. ఇక ప్రతిసారీ పానా పెట్టి చూడనక్కర్లేదు. గీత విరిగినట్టు కనిపించిన నట్టు కదిలిందని అర్థం. పసుపు రంగు బాగా కనబడుతుంది. తెలుపు గీత బురద మరకలో కలిసిపోతుంది.

కడగడంలో కూడా పద్ధతి ఉందా?

ఉంది. ప్రెషర్ వాషర్ గన్‌ని ఆయిల్ సీళ్లకు, వీల్ హబ్‌లకు, ఆల్టర్నేటర్‌కి, వైరింగ్ కనెక్టర్లకు దగ్గరగా పెట్టి కొట్టకండి. వాగు నీళ్లు చొరబడని చోటికి కూడా ఆ ధార చొరబడుతుంది. రేడియేటర్‌కి తక్కువ ఒత్తిడి నీళ్లు చాలు. ఇంజిన్ వైపు నుంచి ముందుకు కొడితే, వచ్చిన దారినే బురద వెనక్కి పోతుంది. ముందు నుంచి గట్టిగా కొడితే రెక్కలు వంగి, బురద ఇంకా లోపలికి దిగుతుంది.

చాసిస్ రెయిళ్లు లోపల డొల్లగా ఉంటాయి. వాటి రంధ్రాల్లో పైపు పెట్టి, మరో చివర నుంచి తేట నీళ్లు వచ్చేదాకా వదలండి. చాసిస్ తుప్పు ఎక్కువగా లోపలి నుంచే మొదలవుతుంది. సముద్రపు ఇసుకలో తిరిగి వస్తే మాత్రం రేపు చూద్దాం అనుకోవద్దు. అదే రోజు మంచినీళ్లతో కిందంతా కడిగేయాలి.

రిమ్ముల లోపలివైపు కూడా కడిగించండి. హైవే ఎక్కగానే స్టీరింగ్ వణుకుతోందని అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లిన బండ్లలో చాలావాటికి అసలు జబ్బు రిమ్ము లోపల ఒకవైపు ఎండిపోయిన బురద ముద్దే.

వాగు దాటి వచ్చాను. బండి బాగానే నడుస్తోంది. అయినా చూడాలా?

తప్పకుండా. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇదే చదవండి.

నడిచి నడిచి డిఫరెన్షియల్ వేడెక్కి ఉంటుంది. చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి బయటి నుంచి ఏదో ఒకటి లోపలికి రావాలి. డిఫరెన్షియల్ (డిఫ్) పైన బ్రీథర్ అనే చిన్న గాలి గొట్టం ఉంటుంది. అది బాగుండి, దాని మూతి నీటి పైన ఉంటే గాలి వస్తుంది. బురదతో మూసుకుపోయినా, మూతి నీళ్లలో మునిగినా, ఆయిల్ సీళ్ల సందుల్లోంచి నీళ్లే వస్తాయి. ఈ సీళ్లు లోపలి ఆయిల్‌ని బయటికి పోకుండా ఆపడానికి చేసినవి. బయటి నీళ్లను ఆపడంలో అంత గట్టివి కావు.

పరీక్ష సులువే. బండిని సమతలంగా ఉన్నచోట రాత్రంతా కదల్చకుండా ఉంచండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. పొద్దున డ్రెయిన్ ప్లగ్‌ని పూర్తిగా తీయకుండా మెల్లగా వదులు చేస్తే, లోపల నీళ్లుంటే ముందు కారేవి అవే. ఇప్పటికే కలిసిపోయి ఉంటే ఆయిల్ తెల్లగా, పాలు కలిపిన రంగులో వస్తుంది. ఏది కనిపించినా ఆయిల్ మార్చాల్సిందే. బాగా తెల్లబడితే కొత్త ఆయిల్ పోసి కొంచెం దూరం నడిపి, దాన్ని కూడా తీసేసి మళ్లీ పోయాలి.

ఇదే పరీక్ష ముందు డిఫ్, వెనక డిఫ్, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే డబ్బా), గేర్‌బాక్స్ నాలుగింటికీ చేయాలి. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ కూడా ఒకసారి తీసి చూడండి. నీళ్లు ఇరుసు పైకి రాకపోతే ఇంత హడావిడి అక్కర్లేదు.

బ్రీథర్‌లను పైకి పెంచుకోవచ్చా?

పెంచుకోవచ్చు. చవకగా అయిపోయి, చాలా ఖర్చు తప్పించే మార్పు ఇది. ఆయిల్‌కి తట్టుకునే గొట్టం తీసుకుని డిఫ్‌లు, ట్రాన్స్‌ఫర్ కేస్, గేర్‌బాక్స్ నుంచి ఇంజిన్ బేలో ఎత్తైన చోటికి లాగి, చివర చిన్న ఫిల్టర్ పెడతారు. రెండు జాగ్రత్తలు: సస్పెన్షన్ పూర్తిగా కిందికి దిగినప్పుడు గొట్టం లాగినట్టు కాకూడదు, సైలెన్సర్ పైపుకి తగలకూడదు. వంపుల్లో నొక్కుకుపోయిన గొట్టం ఉన్నా లేనట్టే.

నీళ్ల మధ్యలో ఇంజిన్ ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేయనా?

వద్దు. తాళం ముట్టుకోకండి.

ఇంజిన్ గాలిని కుదించగలదు, నీళ్లను కుదించలేదు. సిలిండర్‌లో నీళ్లుండగా స్టార్టర్ తిప్పితే పిస్టన్ పైకి వచ్చి నీళ్లకు గుద్దుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ ఒంగిపోతుంది. డీజిల్ ఇంజిన్లలో పిస్టన్ పైన మిగిలే చోటు ఇంకా తక్కువ కాబట్టి కొద్ది నీళ్లకే ఆ ముప్పు ఉంది. బండిని ఒడ్డుకి లాగించి, ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. ఫిల్టర్ పొడిగా ఉంటే, డబ్బాలో నీటి జాడ లేకపోతే బహుశా కరెంటు సమస్యే. ఏ కనెక్టరో సెన్సరో తడిసి ఉంటుంది. ఊపిరి పీల్చుకోవచ్చు.

ఫిల్టర్ తడిస్తే లోపలికి నీళ్లు పోయాయనే అనుకోవాలి. పెట్రోల్ బండైతే స్పార్క్ ప్లగ్‌లన్నీ తీసి, ఇగ్నిషన్‌నీ పెట్రోల్ సప్లైనీ ఆపి, అప్పుడు స్టార్టర్ తిప్పాలి. ప్లగ్ రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్ముతాయి కాబట్టి బానెట్ మీదికి వంగి చూడకండి. డీజిల్‌లో గ్లో ప్లగ్‌లు గానీ ఇంజెక్టర్లు గానీ తీయాలి. అది అడవిలో చేసే పని కాదు, టో చేయించండి. నీళ్లు తీశాక ఇంజిన్ స్టార్ట్ అయినా సరే, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు మార్చే దాకా దూరం నడపొద్దు. స్టార్ట్ అయ్యాక కొత్తగా ఏదైనా చప్పుడు వస్తే వెంటనే ఆపేయండి. రాడ్ కొద్దిగా ఒంగినా ఇంజిన్ నడుస్తుంది, కొన్ని వందల కిలోమీటర్లు పోయాక విరిగి బ్లాక్‌ని చీలుస్తుంది.

స్నార్కెల్ పెట్టిస్తే ఈ భయం ఉండదుగా?

స్నార్కెల్ అంటే ఇంజిన్ గాలి పీల్చే మూతిని పైకి లేపే గొట్టం. ఇంజిన్‌కి గాలి పైనుంచి అందుతుంది, అంతే. డిఫ్‌లు, హబ్‌లు, ఆల్టర్నేటర్, క్యాబిన్ వైరింగ్ ఎప్పట్లాగే నీళ్లలోనే ఉంటాయి. కంపెనీ చెప్పిన లోతు పరిమితి స్నార్కెల్ వల్ల పెరగదు. పైపు జాయింట్లలో ఒక్కచోట సందున్నా నీళ్లు నేరుగా ఇంజిన్‌లోకే. స్నార్కెల్ వల్ల ఎక్కువ లాభం దుమ్ము దారుల్లోనే. ముందు బండి లేపే దుమ్ములో చాలాభాగం దాని మూతి కిందే ఉండిపోతుంది.

గేర్ ఆయిల్ ఏది పోయాలి? జీఎల్-4, జీఎల్-5 తేడా ఏమిటి?

డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ గేర్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి. ఆ ఒత్తిడికి తట్టుకోవడానికి జీఎల్-5 ఆయిల్‌లో గంధకం, భాస్వరం కలిసిన పదార్థాలు ఎక్కువ వేస్తారు. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలో ఆ పదార్థాలు మాన్యువల్ గేర్‌బాక్స్‌లో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకు పడవు. అందుకే చాలా గేర్‌బాక్స్‌లకు జీఎల్-4 అడుగుతారు. పెద్ద నంబరు కదా అని అన్నిట్లో జీఎల్-5 పోయించడం మంచిది కాదు. కొన్ని ట్రాన్స్‌ఫర్ కేసులకు గేర్ ఆయిల్ కాకుండా, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ద్రవం పోయాలి. లిమిటెడ్ స్లిప్ డిఫ్‌కి (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే రకానికి) విడిగా ఫ్రిక్షన్ మాడిఫయర్ (రాపిడిని సరిచేసే మందు) కావాల్సి రావచ్చు. మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే.

ఆయిల్ మీరే మార్చుకుంటే ఒక క్రమం గుర్తుంచుకోండి: నింపే ప్లగ్ ముందు తెరవండి, తర్వాతే కింద డ్రెయిన్ ప్లగ్. ఆయిలంతా దించేశాక పై ప్లగ్ తుప్పు పట్టి తిరగనని మొండికేస్తే బండి అక్కడే పడి ఉంటుంది. డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దానికి అంటుకున్న పొడిని వేళ్ల మధ్య నలిపి చూడండి. మెత్తటి బూడిదరంగు పేస్టు మామూలే. చేతికి గుచ్చుకునే ముక్కలు తగిలితే గేరు పన్ను గానీ బేరింగ్ గానీ పోతున్నట్టు.

గ్రీజు ఎక్కడెక్కడ కొట్టాలి?

ప్రొపెల్లర్ షాఫ్ట్ యూజే క్రాస్‌లు (షాఫ్ట్ చివర్లలో వంగే కీళ్లు), స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడవు మారేలా లోపలికీ బయటికీ జరిగే చోటు), బండిని బట్టి స్టీరింగ్ జాయింట్లు, కమాన్ కట్టలను చాసిస్‌కి కలిపే షాకిల్ పిన్నులు. నిపుల్ (గ్రీజు గన్ పెట్టే మూతి) ఉన్న ప్రతిచోటా. మామూలుగా సర్వీసులో ఒకసారి చాలు, నీళ్లలో దిగితే మాత్రం వచ్చిన వెంటనే. క్రాస్‌కి నాలుగు వైపుల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. ఒకవైపు రాకపోతే ఆ కప్పులో బేరింగ్ ఎండిపోతోందని అర్థం. స్లిప్ జాయింట్‌లో అతిగా నింపకండి. లోపలికి జరగడానికి చోటు లేక షాఫ్ట్ బిగుసుకుంటుంది. నిపుల్ తుడవకుండా గన్ పెడితే బయటి ఇసుకను మీరే లోపలికి తోసినట్టవుతుంది.

ఫోర్ వీల్‌లో పెట్టి తారు రోడ్డు మీద నడపొచ్చా?

పార్ట్ టైమ్ సిస్టమ్ అయితే పొడి రోడ్డు మీద వద్దు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఆ తేడా మెలికలా షాఫ్ట్‌లలో పేరుకుంటుంది. మట్టిలో చక్రం కాస్త జారి ఆ మెలిక విడిపోతుంది, తారు మీద జారదు. స్టీరింగ్ బరువెక్కడం, బండి గెంతినట్టు అనిపించడం, 2హెచ్‌లోకి (మామూలు టూ వీల్ డ్రైవ్‌లోకి) లివర్ రాకపోవడం దాని లక్షణాలు. తిన్నగా నాలుగైదు మీటర్లు వెనక్కి నడిపితే సాధారణంగా వదిలేస్తుంది. మధ్య డిఫ్ ఉన్న ఫుల్ టైమ్ బండ్లకు ఈ బాధ లేదు, డిఫ్ లాక్ వేస్తే మాత్రం అవీ ఇలాగే.

లివర్ వేసినా ఫోర్ వీల్ పడట్లేదు, లైటు మెరుస్తూనే ఉంది.

ఎక్కువసార్లు కారణం వాడకపోవడమే. నెలకోసారి మట్టి రోడ్డు మీదో తడి గడ్డి మీదో పది పదిహేను కిలోమీటర్లు 4హెచ్‌లో (మామూలు గేర్ల ఫోర్ వీల్‌లో) నడిపితే ముందు డిఫ్‌లో ఆయిల్ తిరుగుతుంది, మీట, ఫోర్క్‌లు తుప్పు పట్టవు. 4ఎల్‌ని (లో రేంజ్ ఫోర్ వీల్‌ని) కూడా అప్పుడే వేసి చూడండి. దానికి చాలా బండ్లలో బండి ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచాలి.

అయినా పడకపోతే మీ బండిలో ముందు ఇరుసుని కలిపే పద్ధతి ఏదో తెలుసుకోండి. వాక్యూమ్‌తో పనిచేసేదైతే సన్న రబ్బరు గొట్టాలు పగిలి ఉంటాయి, వేళ్లతో వంచి చూస్తే చాలు. కరెంటు మోటారైతే దాని కనెక్టర్‌లో నీళ్లు, ఆకుపచ్చటి చిలుము. హబ్ లాకులైతే (ముందు చక్రాన్ని షాఫ్ట్‌కి కలిపేవి) లోపల గ్రీజు గట్టిపడి ఉంటుంది. విప్పి, కడిగి, పలచగా గ్రీజు రాయాలి, అతిగా పూస్తే మళ్లీ ఇరుక్కుంటాయి. ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పించే ముందు ఈ మూడూ చూడండి.

టైర్లలో గాలి ఎంత తగ్గించాలి?

బండి బరువు, టైరు సైజు బట్టి మారుతుంది. ఒక మోస్తరు అంచనా ఇది: రోడ్డు మీద 32–35 పీఎస్ఐ ఉంచే బండికి రాళ్ల దారిలో 20–24, మెత్తటి ఇసుకలో 15–18. అంతకన్నా దించితే, బీడ్‌లాక్ రిమ్ములు (టైరు అంచుని బిగించి పట్టేవి) లేనప్పుడు పదునైన మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిరావచ్చు. గాలి తగ్గితే టైరు వెడల్పు కన్నా పొడవునా ఎక్కువ నేలను పట్టుకుంటుంది, ఇసుకలో తేలడానికి కారణం అదే. రాళ్ల మీద గాలి తక్కువుంటే టైరే కాదు, షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు కూడా ఎక్కువకాలం ఉంటాయి.

తారు ఎక్కగానే తిరిగి నింపాలి. గాలి తక్కువున్న టైరు వేగంలో వేడెక్కి సైడ్‌వాల్ చీలిపోతుంది. కాబట్టి కంప్రెసర్ లేకుండా గాలి తీయొద్దు.

రెండు టైర్లే మార్చుకోవచ్చా? పెద్ద టైర్లు వేయిస్తే?

నాలుగూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉంటే చుట్టుకొలతలు తేడా పడి, మలుపుల్లేని తిన్నటి దారిలో కూడా పైన చెప్పిన మెలిక మొదలవుతుంది. స్టెప్నీని కూడా కలుపుకుని ఐదు టైర్లనీ తిప్పుతూ వాడితే ఈ చిక్కు రాదు. టైరు వయసు సైడ్‌వాల్ మీద నాలుగంకెల్లో ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారం.

పెద్ద టైర్ల విషయానికొస్తే, 29 అంగుళాల నుంచి 31కి మారితే స్పీడోమీటర్ 100 చూపేటప్పుడు మీరు దాదాపు 107లో ఉంటారు. బ్రేకులకు, క్లచ్‌కి, స్టీరింగ్ జాయింట్లకు, వీల్ బేరింగ్‌లకు భారం పెరుగుతుంది. సరదాకి పెద్ద టైర్లు వేసి, రెండేళ్లపాటు బాల్ జాయింట్లు మారుస్తూ కూర్చునేవాళ్లు చాలామంది.

గుంత దాటాక స్టీరింగ్ భయంకరంగా ఊగిపోతోంది. స్టీరింగ్ కుదుపుని ఆపే డ్యాంపర్ మార్చినా మళ్లీ వచ్చింది.

ముందు ఇరుసు ఒకే దుంగలా ఉన్న బండ్లకు వచ్చే జబ్బు ఇది. 70–80 కి.మీ. వేగంలో చిన్న కుదుపు తగలగానే ముందు చక్రాలు ఎడాపెడా కొట్టుకుంటాయి, స్టీరింగ్ చేతుల్లో ఆగదు. ఆ క్షణంలో గట్టిగా బ్రేక్ వేయకుండా, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని వేగం తగ్గనివ్వండి.

డ్యాంపర్ మారిస్తే కొన్నాళ్లు ఆగుతుంది, ఎందుకంటే కొత్త డ్యాంపర్ వణుకుని కప్పిపెడుతుంది. అసలు తప్పు ఎక్కడో ఒక జాయింట్ వదులుగా ఉండటం. దాన్ని పట్టుకోవడానికి ఇద్దరుంటే చాలు. బండి నాలుగు చక్రాల మీదే నిలబడి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి ఉండాలి. ఒకరు ఇంజిన్ ఆన్ చేసి స్టీరింగ్‌ని గడియారంలో పదకొండు నుంచి ఒంటిగంట దాకా అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. ఇంకొకరు పక్క నుంచి చూస్తూ, ముందు ట్రాక్ బార్ రెండు చివర్లనూ గమనించాలి. ఇరుసుని చాసిస్‌కి అడ్డంగా పట్టి ఉంచే కడ్డీ అది. ఆ బోల్టు దగ్గర వేలు ఆనిస్తే కంటికి కనబడని కదలిక కూడా తెలుస్తుంది. బోల్టు బిగుతుగా ఉండి రంధ్రం మాత్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉండటం తరచూ చూసేదే. అక్కడ బిగిస్తే సరిపోదు, బ్రాకెట్ బాగు చేయించాలి. తర్వాత టై రాడ్ ఎండ్‌లు, బాల్ జాయింట్లు, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు, వీల్ బేరింగ్, చివరికి టైర్ బ్యాలెన్స్. ఈ వరుసలో వెళితే డబ్బు వృథా కాదు.

శబ్దాన్ని బట్టి జబ్బు చెప్పొచ్చా?

కొంతవరకు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టకటకమంటే సీవీ జాయింట్. గేర్ వేయగానే, యాక్సిలరేటర్ తీసి నొక్కినప్పుడల్లా ఒక్క 'టంగ్' వస్తే యూజే క్రాస్ లేదా స్లిప్ జాయింట్. వేగంతోపాటు పెరిగే గూఁ అనే మోత, మలుపు తిరిగితే మారుతుంటే వీల్ బేరింగ్. మలుపుతో సంబంధం లేకుండా, యాక్సిలరేటర్‌ని బట్టి మారుతుంటే డిఫ్. కొత్త మడ్ టైర్ల మోత కూడా బేరింగ్ మోతలాగే ఉంటుంది, బేరింగ్ కొనే ముందు అది గుర్తుంచుకోండి.

సస్పెన్షన్ లిఫ్ట్ చేయించాక ఏం చూసుకోవాలి?

ముందు చక్రాల క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం), ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం, బ్రేక్ హోస్ పొడవు, హెడ్‌లైట్ల ఎత్తు. రెండంగుళాలు దాటితే ఈ నాలుగూ తప్పకుండా చూసుకోవాలి. కమాన్ బండ్లకు యూ-బోల్టులు 500–1000 కి.మీ. తర్వాత మళ్లీ బిగించాలి. ఒకసారి విప్పిన యూ-బోల్టు సాగిపోయి ఉంటుంది, మళ్లీ వాడొద్దు.

బ్రేకులకు విడిగా ఏమైనా చేయాలా?

నీళ్లలోంచి బయటికి రాగానే ఎడమకాలితో బ్రేక్‌ని తేలికగా నొక్కి ఉంచి కొంతదూరం నడపండి, వేడికి ఆరిపోతాయి. వెనక డ్రమ్ములు విప్పి కడిగించాలి. డ్రమ్ములోకి పోయిన సన్న ఇసుక బయటికి రాదు, లైనింగ్‌ని అరగదీస్తూనే ఉంటుంది.

బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్తది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ చేరినదానికి ఆ కనీసం 155 డిగ్రీలకు పడిపోతుంది. పొడుగాటి దిగుడులో పెడల్ మెత్తబడిందంటే అదే కారణం కావచ్చు. రెండేళ్లకోసారి మార్చండి, మట్టి దిగుడులో 4ఎల్ మొదటి గేరు వేసి ఇంజిన్‌తోనే బండి వేగాన్ని అదుపులో పెట్టండి.

ఎయిర్ ఫిల్టర్‌ని గాలి కొట్టి మళ్లీ వాడొచ్చా?

మెల్లగా తట్టి, లోపలి నుంచి బయటికి తక్కువ ఒత్తిడితో ఒకటి రెండుసార్లు కొట్టొచ్చు. కంప్రెసర్ గన్ ఆనించి కొడితే కాగితంలో సూది బెజ్జాలు పడతాయి. చూసేటప్పుడు ఫిల్టర్ కన్నా ముఖ్యమైన చోటు ఒకటుంది. ఫిల్టర్ దాటాక ఇంజిన్‌కి వెళ్లే గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడవండి. దుమ్ము అంటిందంటే ఫిల్టర్ డబ్బా సీల్ దగ్గర గాలి దొంగదారిలో పోతోంది, ఇంజిన్ లోపల ఆ దుమ్మే ఉప్పుకాగితంలా పనిచేస్తుంది.

తక్కువ వేగంలోనే ఇంజిన్ వేడెక్కుతోంది, హైవే మీద బాగుంది.

అంటే కదిలే గాలి లేనప్పుడు ఫ్యాన్ సరిపోవట్లేదు, లేదా రేడియేటర్, ఏసీ కండెన్సర్ల మధ్య బురద గడ్డకట్టింది. ముందు నుంచి చూస్తే శుభ్రంగా కనబడుతుంది, ఆ సందులో టార్చ్ వేసి చూడాలి. విస్కస్ ఫ్యాన్ (వేడిని బట్టి బిగిసే ద్రవపు కప్లింగ్ ఉన్నది) అయితే ఇంజిన్ వేడి మీద ఆపి, చేత్తో తిప్పండి. అడ్డు లేకుండా గిరగిరా తిరిగితే కప్లింగ్ పోయింది. దారిలో వేడెక్కితే ఏసీ ఆపి హీటర్ వేయండి, కాస్త వేడి అటు పోతుంది. మూత మాత్రం వేడి మీద తీయకండి.

డీజిల్ బండికి ప్రత్యేకంగా?

ఫ్యూయల్ ఫిల్టర్ కింద ఉండే నీళ్ల ప్లగ్‌ని తరచూ వదులు చేసి నీళ్లు దించండి. ఎండుగడ్డిలో తిరిగితే సైలెన్సర్, పార్టికులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టేది) చుట్టూ ఇరుక్కున్న గడ్డిని విశ్రాంతికి ఆగిన ప్రతిసారీ తీయాలి. బండ్లు తగలబడింది అక్కడే.

వించ్ (తాడు చుట్టి బండిని లాగే మోటారు), రికవరీ (ఇరుక్కున్న బండిని బయటికి తీసే) సామానుకి మెయింటెనెన్స్ ఏముంటుంది?

సింథటిక్ తాడుని బురదలో వాడాక విప్పి నీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టాలి. నారల మధ్య చేరిన ఇసుక లోపలి నుంచి కోస్తుంది, ఎండ పైనుంచి బలహీనం చేస్తుంది. ఉక్కు తాడైతే విరిగిన పోగుల కోసం చూడండి, తోలు గ్లవ్స్ లేకుండా పట్టుకోకండి. రెండింటినీ బరువు లాగుతూ బిగుతుగా చుట్టాలి. వదులుగా చుడితే లాగేటప్పుడు పై చుట్టు కింది చుట్లలోకి దిగబడిపోతుంది. వించ్ మీద రాసిన శక్తి డ్రమ్ము మొదటి పొరకే, పైపొరల్లో తగ్గుతుంది. అందుకే బండి పూర్తి బరువుకి ఒకటిన్నర రెట్లు ఉన్న వించ్ తీసుకోమంటారు.

ఇంకొకటి, ఇది మెయింటెనెన్స్ కాకపోయినా చెప్పాలి: టో బాల్‌కి తాడు తగిలించి ఇరుక్కున్న బండిని లాగొద్దు. అది ట్రైలర్ లాగడానికి చేసింది. కుదుపుకి తెగి ఎగిరివచ్చి మనుషుల ప్రాణాలు తీసిన ప్రమాదాలు ఆస్ట్రేలియాలో, అమెరికాలో జరిగాయి. చాసిస్‌కి బిగించిన, బరువు పరిమితి రాసి ఉన్న రికవరీ పాయింట్‌కే తగిలించండి.

దారి మధ్యలో ఏదైనా విరిగితే ఇల్లు చేరడం ఎలా?

వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ పోతే దాన్ని విప్పేసి 4హెచ్‌లో ముందు చక్రాలతోనే మెల్లగా రావచ్చు. ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి జొప్పించే రకం షాఫ్ట్ అయితే, తీసినచోట నుంచి ఆయిల్ కారిపోతుంది, ఆ మూతిని మందపాటి ప్లాస్టిక్‌తో చుట్టి క్లాంప్ వేయాలి. ముందు సీవీ షాఫ్ట్ విరిగితే 2హెచ్‌లో నడపొచ్చు గానీ, షాఫ్ట్‌ని మొత్తం పీకి పారేయకండి. చాలా బండ్లలో బయటి ముక్క హబ్‌లో ఉండి నట్టు బిగించి ఉంటేనే వీల్ బేరింగ్ నిలుస్తుంది. ట్రాక్ బార్ విరిగితే ర్యాచెట్ బెల్టుతో ఇరుసుని చాసిస్‌కి లాగి కట్టి, నడక వేగంలో దగ్గర్లోని రోడ్డు దాకా. పెట్రోల్ ట్యాంకుకి చిన్న బెజ్జం పడితే సబ్బు ముక్క గట్టిగా రుద్ది నింపండి, సబ్బు పెట్రోల్‌లో కరగదు. డిఫ్ కవర్ పగిలితే ఎపాక్సీ ముద్ద పనిచేస్తుంది, అయితే ఆ చోటు నూనె లేకుండా తుడవాలి. ఇవన్నీ ఇల్లు చేరేదాకే.

ఏ సామాను వెంట ఉండాలి?

మీ బండికి పట్టే పానాలు, అంటే ఇంట్లో బోల్టులన్నీ ఒకసారి వాటితోనే విప్పి చూసినవి. ఒక ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ హోసులు, ఒక యూజే క్రాస్, ఫ్యూజులు, డిఫ్‌కి సరిపడా గేర్ ఆయిల్, కూలెంట్, పంక్చర్ పురికొసల కిట్, ఎపాక్సీ, క్లాంపులు, కట్టుతీగ, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. సైడ్‌వాల్ కోతకి పురికొసలు నిలవవు, అక్కడ స్టెప్నీయే దిక్కు.

ఇందులో నేను చేసుకోగలిగేవి ఏవి?

ఆయిళ్లు, గ్రీజు, ఫిల్టర్లు, బ్రీథర్లు, బోల్టుల చెక్, టైర్లు మార్పిడి అన్నీ ఓపికుంటే చేసుకోవచ్చు. డిఫ్ గేర్ల అమరిక, ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పడం, చాసిస్ వెల్డింగ్ మాత్రం చేయి తిరిగినవాళ్లకే వదలండి. గేర్ల మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతు, ఇరవయ్యో వంతు లెక్కన సరిచేసే పని అది, దానికి డయల్ గేజ్ కావాలి. ఏది చేసినా జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరొద్దు. గట్టి నేల మీద, చాసిస్ కిందో ఇరుసు కిందో స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో ఒకసారి గట్టిగా ఊపి చూశాకే.